కాలిన గాయాల రోగికి యాంటీబయాటిక్ మోతాదు

ప్రశ్న: ఒళ్ళు కాలిన రోగికి కిడ్నీ పరీక్షలన్నీ మామూలుగా ఉన్నా, యాంటీబయాటిక్ మోతాదు ఎందుకు పెంచుతారు?

జవాబు: శరీరం విస్తారంగా కాలినప్పుడు, సుమారు మొదటి 48 గంటలు గడిచాక, గుండె పంపే రక్తం పెరిగి, మూత్రపిండాలు నిమిషానికి 130 మిల్లీలీటర్లకు మించిన ప్లాస్మా నుంచి క్రియాటినిన్ అనే వ్యర్థాన్ని తొలగించే స్థితికి, అంటే అధిక మూత్రపిండ శుద్ధికి, చేరవచ్చు, అప్పుడు మెరోపెనెమ్ వంటి మందులు సూక్ష్మజీవిపై తగినంత సేపు నిలవకుండానే మూత్రంలో పోతాయి. పైగా రక్తనాళాల నుంచి కణజాలంలోకి ఊరిన నీరు మందును పలుచన చేస్తుంది. రక్తంలోని క్రియాటినిన్ ఒక్కటే చూస్తే ఈ వేగం బయటపడదు కనుక, కొన్ని గంటలపాటు సేకరించిన మూత్రంలోనూ క్రియాటినిన్‌ను కొలవడం మేలు. మెరోపెనెమ్‌ను ఒక్కసారిగా కాక, సుమారు మూడు గంటలపాటు నెమ్మదిగా ఎక్కించడం ఒక ఉపాయం. వాంకోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్ విషయంలో మాత్రం రక్తంలో మందు స్థాయిని కొలిచి తీరాలి, ఎందుకంటే మూత్రపిండాలు దెబ్బతిన్న రోజున నిన్నటి మోతాదే విషమవుతుంది.