బిల్లులో పూర్తి పేరు రాయించుకోండి

ప్రశ్న: మాది గుడివాడ. మా అబ్బాయి గేమింగ్ కంప్యూటర్ కోసం విజయవాడలో ఒక షాపులో ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు కొన్నాం. 12 జీబీ అని చెప్పి ఇచ్చారు. ఇంటికొచ్చి బిగిస్తే 8 జీబీ అని చూపిస్తోంది. అడిగితే ‘రెండూ 3060లే, అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ అంటున్నారు. బిల్లు మీదా అదే అచ్చేసి ఉంది. ఏం చేయాలి?

జవాబు: ఆ రెండూ ఒకటి కావు. 12 జీబీ కార్డులో మెమరీ బస్ (మెమరీకి డేటా వెళ్లే దారి) 192 బిట్లు, 8 జీబీ దాంట్లో 128 బిట్లే. దానివల్ల ఆటల్లో వేగం తగ్గుతుంది. ఆర్‌టీఎక్స్ 3050లోనూ 8 జీబీ, 6 జీబీ రకాలకు ఇలాంటి తేడానే ఉంది. ఒకే పేరుతో వేరు వేరు సరుకు దొరికే చోట ధర ఒక్కటే చూస్తే మోసపోతాం.

వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం, వ్యాపారి చెప్పిన ప్రమాణానికి సరుకు తగ్గితే అది లోపమే. రకం, నాణ్యత గురించి అబద్ధం చెప్పి అమ్మడం, వాడిన కార్డును కొత్తదని అంటగట్టడం, బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార విధానాలు. లోపమున్న సరుకును బిల్లులోని గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోయినా అంతే. కాబట్టి ‘వాపసు తీసుకోం’ అని అచ్చేసినంత మాత్రాన మీ హక్కు పోదు.

ముందు సాక్ష్యం భద్రం చేయండి. అట్టపెట్టె మీది లేబుల్, కార్డు మీది సీరియల్ నంబరు, 8 జీబీ చూపిస్తున్న స్క్రీన్ ఫొటోలు తీయండి. ధర చెబుతూ షాపువాళ్లు పంపిన వాట్సాప్ మెసేజ్ ఉంటే చెరపకండి. తర్వాత కార్డు మార్చాలనో, డబ్బు తిరిగి ఇవ్వాలనో అడుగుతూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. షాపున్న ఊరికే వెళ్లాలన్న నియమం లేదు. మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. కార్డు మార్పిడి లేదా డబ్బు వాపసుతో పాటు నష్టపరిహారం కూడా కోరవచ్చు.

రెండు హెచ్చరికలు. గేమింగ్ సెంటర్ లాంటి వ్యాపారానికి కొన్నవారు ఈ చట్టం కింద వినియోగదారులు కారు. సొంతంగా నడుపుకుంటూ దానితోనే పొట్టపోసుకునేవారికి మాత్రం మినహాయింపు ఉంది. వ్యాపారి కాని వ్యక్తి దగ్గర సెకండ్‌హ్యాండ్ కార్డు కొంటే ఈ రక్షణ దొరకడం కష్టం. 2022 సెప్టెంబరులో, గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఇథీరియం క్రిప్టోకరెన్సీ మైనింగ్ ఆగిపోయాక, రాత్రింబవళ్లు నడిచిన కార్డులు ఎన్నో మార్కెట్లోకి వచ్చాయి. వాటిని కంప్యూటర్లో పెట్టి, ఆట నడిపించి చూశాకే డబ్బివ్వండి.

కొనబోయేవారికి నా గట్టి సలహా ఒకటే. ‘బిల్లు లేకుండా అయితే 18 శాతం జీఎస్టీ మిగులుతుంది’ అన్న మాటకు లొంగకండి. ఆ మిగులుతో పాటు వారంటీనీ, సాక్ష్యాన్నీ వదులుకున్నట్టే. కంపెనీ, పూర్తి మోడల్ పేరు, మెమరీ, సీరియల్ నంబరు, వారంటీ ఎన్నేళ్లు, అది మన దేశంలో చెల్లుతుందా అన్నవి బిల్లులో రాయించుకోండి. అవన్నీ రాసివ్వడానికి వెనకాడే షాపులో ఎంత చవకగా వచ్చినా కొనకండి.