చిల్లిగవ్వ విలువ

రాజమండ్రి

చిరంజీవి చిట్టికి,



ఒసాకాలో ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే నా కడుపు నిండిపోయింది తల్లీ. స్వెటర్లూ, ఆవకాయా, కుక్కరూ ఆవిడ చూసుకుంటుంది. నేను మాత్రం నీకు చిల్లర గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఆ ఊళ్లో నాలుగేళ్లున్నాను. అక్కడి మనుషుల మర్యాద నాకు మొదట అర్థమైంది నాణేల దగ్గరే.

ముందు మాటలు నేర్చుకో. నాణేన్ని కాగితాల మీద 'కోక' అని రాస్తారు. పలికితే మన కోకలాగే ఉంటుంది, అర్థం 'గట్టి డబ్బు'. పర్సులో గలగలలాడే చిల్లర 'కొజెని'. 'జెని' అంటే నాణేనికి పాత మాట, 'కొ' అంటే చిన్న. విడి నాణెమైతే 'దమా'. పది యెన్లది 'జూ ఎన్ దమా', వందది 'హ్యాకు ఎన్ దమా'. ఆ దమా అంటే గుండ్రటి పూస. అదే అక్షరానికి రత్నమనే అర్థమూ ఉంది. మనమేమో చిల్లర మనిషి, చిల్లర బుద్ధి అని ఆ మాటని తిట్టు చేసేశాం. ఆ అర్థాన్ని ఇక్కడే వదిలేసి విమానమెక్కు.

వెళ్లిన కొత్తలో నాకు చిల్లరంటే భయం. వెనక నలుగురు నిలబడి ఉంటే నాణేలు ఏరి లెక్కపెట్టడానికి చేతులాడేవి కావు. ఏది కొన్నా నోటు తీసి ఇచ్చేసేవాణ్ణి. తిరిగొచ్చిన నాణేలు ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో పడేసేవాణ్ణి. ఒకరోజు కూరగాయల కొట్లో బిల్లు 637 యెన్లయింది. వెయ్యి నోటు తీశాను. కొట్లో ఉన్న పెద్దావిడ నా పర్సు లావు చూసి, కాస్త ఆగమని చెయ్యి చూపించింది. తెరిచి చూపించమంది. అందులోంచి ఒక వంద, మూడు పదులు, ఒక ఐదు, రెండు ఒకట్లు నా చేతే ఏరించి, ఆ నోటు పక్కన పెట్టించింది. మొత్తం 1,137. తిరిగి నా చేతిలో ఒకే ఒక్క ఐదు వందల నాణెం పెట్టింది. ఉత్త నోటు ఇచ్చి ఉంటే 363 యెన్లకి ఎనిమిది నాణేలు వచ్చి, పర్సులో ఉన్న ఏడింటికి తోడయ్యేవి. పదిహేను నాణేల బరువు ఒక్కదానికి దిగింది. వెనక నిలబడ్డవాళ్లు ఒక్కరూ విసుక్కోలేదు. ఆ సాయంత్రమే బిస్కెట్ల డబ్బా బోర్లించి, నాణేలు రకాలవారీగా వేరుచేసి, రోజుకి కాసిని పర్సులో వేసుకోవడం మొదలుపెట్టాను.

డబ్బు ఇచ్చేటప్పుడు కౌంటర్ మీద చిన్న పళ్లెం ఉంటుంది. అందులో పెట్టు, విసరకు. వాళ్లు చిల్లర ఇచ్చేటప్పుడు నీ ముందే లెక్కపెట్టి, చాలాచోట్ల రెండో చెయ్యి కింద పట్టి మరీ ఇస్తారు. నువ్వూ అంత నిదానంగానే అందుకో. ఒక్క యెన్నే కదా అని వదిలేసి రాకు. అక్కడ టిప్పు ఇచ్చే అలవాటు లేదు. మర్చిపోయావనుకుని నీ వెనకే పరిగెత్తుకొస్తారు. ఒక యెన్‌ని చూసి నవ్వినవాడు ఒక యెన్ కోసం ఏడుస్తాడని వాళ్లకో సామెత ఉంది. ఆ ఒక యెన్ నాణెం అల్యూమినియంది, సరిగ్గా ఒక గ్రాము తూగుతుంది. నీళ్ల మీద మెల్లగా పెడితే తేలుతుంది. చేసి చూడు.

ప్రతి నాణేన్నీ ఒకసారి వెలుతురులో తిప్పి చూడు. పది యెన్ల మీద క్యోటో దగ్గర ఉజిలోని బ్యోదోయిన్ ఆలయం ఉంటుంది. వంద మీద సకురా పూలు. నువ్వు వెళ్తున్న ఒసాకాలోనే 1871 నుంచి టంకసాల ఉంది. ఏప్రిల్‌లో దాని ఆవరణలోని సకురా చెట్లు చూడటానికి కొద్ది రోజులు అందరికీ గేట్లు తీస్తారు. 1883లో మొదలైన ఆనవాయితీ అది. తప్పకుండా వెళ్లు.

అన్నిటికంటే నాకు ప్రియమైనది ఐదు యెన్లది. ఇత్తడి నాణెం, మధ్యలో చిల్లి. ఒంగిన వరి కంకి, కింద నీటి గీతలు, చిల్లి చుట్టూ యంత్రపు పళ్లచక్రం. పొలం, సముద్రం, కర్మాగారం మూడూ ఆ కాస్త చోటులో ఇమిడాయి. విలువ అంకెలో వెయ్యలేదు, వాళ్ల అక్షరాల్లోనే రాశారు. దాన్ని 'గో ఎన్' అంటారు. అదే పలుకుబడికి ఇంకో అర్థం, మనిషికీ మనిషికీ కలిసే రాత. మనం ఋణానుబంధం అంటామే, దానికి దగ్గరగా ఉండే మాట. అందుకే గుడి ముందున్న చెక్కపెట్టెలో ఐదు యెన్లు వేసి మంచి బంధాలు కలవాలని మొక్కుకుంటారు. షింటో గుళ్లో అయితే రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మళ్లీ ఒకసారి వంగుతారు. బౌద్ధాలయంలో చప్పట్లు కొట్టకూడదు, ఊరికే చేతులు జోడించు. పది యెన్ల నాణేన్ని 'తో ఎన్' అని చదివితే దూరపు బంధమని ధ్వనిస్తుందని కొందరు అది వెయ్యరు.

చేతిలో చిల్లిగవ్వ లేదంటే మనకు అంతకు మించిన లేమి లేదు. వాళ్లు చిల్లి నాణేన్నే శుభమనుకున్నారు.

ఇప్పుడు ఫోన్‌తో కట్టెయ్యొచ్చని నువ్వంటావు. కట్టు. అయినా చిన్న చిల్లర పర్సు ఒకటి ఉంచుకో. బట్టలుతికే మెషీన్లకీ, స్టేషన్ లాకర్లకీ, టికెట్ మెషీన్ పెట్టిన చిన్న నూడుల్స్ కొట్లకీ ఇంకా నాణేలు అక్కరకొస్తాయి. 2021లో వచ్చిన రెండు రంగుల ఐదు వందల నాణేన్ని కొన్ని పాత మెషీన్లు తీసుకోవు, కంగారుపడకు. డబ్బాలో మాత్రం పోగెయ్యకు. చిల్లర జమ చేసుకోవడానికి ఇప్పుడు చాలా బ్యాంకులు రుసుము అడుగుతున్నాయి.

కొత్త ఊళ్లో మొదటి ఆరు నెలలూ నీకెవరూ లేరనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆ రోజుల్లో నాతో రోజూ మాట్లాడింది ఆ కూరగాయల కొట్టు పెద్దావిడే. ఆ తర్వాత నేను చిల్లర లెక్కపెట్టినన్నిసార్లూ తనూ నాతో కలిసి పైకి లెక్కపెట్టేది. అంకెలు నాకు అలాగే వచ్చాయి. అందుకే చెబుతున్నాను, కౌంటర్ దగ్గర తొందరపడకు. నాణేలు ఒక్కొక్కటే పెట్టు, ఎదుటి మనిషి మొహం చూసి థాంక్స్ చెప్పు.

పర్సు బహుమతి ఇచ్చేటప్పుడు అక్కడ లోపల ఐదు యెన్లు పెట్టి ఇచ్చే అలవాటుంది. నీకు పంపుతున్న ఈ పర్సు మీ అత్త కుట్టింది, లోపలి నాణెం నేను పెట్టాను. నేను వచ్చేసేటప్పుడు ఆ పెద్దావిడ నా చేతిలో పెట్టినది అది. దాచుకోకు. వెళ్లగానే దగ్గర్లో ఉన్న గుళ్లో వేసెయ్. తర్వాత ఏ కొట్లోనో నీ చేతికి ఇంకో గో ఎన్ వస్తుంది. అది దాచుకో.

ఇట్లు,
మీ మామయ్య