గుఱ్ఱమునకు శుచి నేర్పుట

కాట్పాడి జంక్షనులో దిగి వేలూరు వైద్యశాలకు పోవు రోగులను, వారి బంధువులను పూర్వము జట్కాబండ్లు చేరవేయుచుండెను. చిత్తూరు, తిరుపతి, కడప ప్రాంతములనుండి వచ్చిన మన భాషవారికి బండివాని నోట తెలుగుమాట వినబడినంతనే సగము దిగులు తీరెడిది. ఆటోరిక్షాలు వచ్చిన పిమ్మట జట్కాలు క్రమముగా తొలగిపోయినవి. ఇప్పటి మన పిల్లలు గుఱ్ఱమును పెండ్లి ఊరేగింపులలోను, గ్రామపు పొలిమేరలలో అయ్యనారు గుడిముందర నిలిపిన మట్టిబొమ్మలలోను మాత్రమే చూచుచున్నారు. మట్టిగుఱ్ఱమునకు దాణా అక్కరలేదు. దాని వెనుక ఊడ్చు పనియు లేదు. ప్రాణమున్న గుఱ్ఱము సంగతి వేరు. దానిని లాయములో కట్టి పెంచువానికి ప్రతిదినము ఎదురగు చిక్కు దాని మలమూత్రములే. ఆ చిక్కును అనుభవజ్ఞులు ఎట్లు తీర్చుకొందురో తెలిసికొన్నచో మన యిండ్లలోని పిల్లల పెంపకమునకు గూడ కొంత వెలుగు దొరకునని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మన ప్రాంతము - గుఱ్ఱము

ఆర్కాటు, వేలూరు సీమలకు గుఱ్ఱము క్రొత్తది కాదు. 1806వ సంవత్సరము జూలై 10వ తేదీన వేలూరు కోటలో సిపాయిలు తిరుగుబాటు చేసినప్పుడు, ఆర్కాటులో విడిసియున్న ఆంగ్లేయుల ఆశ్వికదళము గిలెస్పీ అను సేనాని వెంట సుమారు 25 కిలోమీటర్లు పరుగెత్తి ఆ యుదయముననే కోటను చేరెను. ఆ తిరుగుబాటు కథను మన పిల్లలు చరిత్ర పాఠములలో చదువుదురు. పిలిచినంతనే అంత దూరము పరుగెత్తవలెనన్న గుఱ్ఱము గిట్టలు గట్టిగా ఉండవలెను. గిట్టలు గట్టిగా ఉండవలెనన్న లాయపు నేల పొడిగా ఉండవలెను. కావుననే సైన్యములలో లాయపు శుభ్రత ఆయుధముల శుభ్రత వంటి పనిగా ఎంచబడెడిది. తెనుగువారును ఈ జంతువును శ్రద్ధతో గమనించినవారే. మనుమంచి భట్టు అను కవి అశ్వలక్షణములను గూర్చి పద్యగ్రంథమునే రచించెను.

గుఱ్ఱపు శరీరధర్మము

గుఱ్ఱము జీర్ణాశయము దాని దేహమునకు మిక్కిలి చిన్నది. అందుచే అది ఒక్కసారి కడుపునిండ తిని పరుండు జంతువు కాదు. బయట విడిచినచో దినములో చాల భాగము కొంచెము కొంచెముగా మేయుచునే యుండును. మేత యెడతెగక లోనికి పోవుచున్నందున లద్దెయు యెడతెగక వచ్చుచుండును. రాత్రింబవళ్లలో ఎనిమిది పది సార్లు లద్దె వేయుట సామాన్యము. సుమారు 450 కిలోల బరువు గల గుఱ్ఱము దినమునకు 14 కిలోల లద్దెయు, 9 లీటర్ల మూత్రమును విడుచునని లెక్క. జట్కాకు కట్టు పొట్టిగుఱ్ఱము ఇంతకు తక్కువగా విడుచును.

ఈ మురికి నిలువయున్నచో మూడు కీడులు కలుగును. మొదటిది, మూత్రము కుళ్లి అమ్మోనియా అను ఘాటైన వాయువు పుట్టును. అది గుఱ్ఱము కన్నులకును ఊపిరితిత్తులకును హాని చేయును. రెండవది, తడిలో నిలిచిన గిట్టల అడుగున ఉండు మెత్తని భాగము కుళ్లి దుర్వాసన కొట్టును, గుఱ్ఱము కుంటుపడును. మూడవది మనుష్యులకు సంబంధించినది. ధనుర్వాతమును కలిగించు క్రిములు గుఱ్ఱపు లద్దెలో తరచుగా నుండును. ఆ మట్టిలో వట్టికాళ్లతో నడచిన బిడ్డకు ముల్లు గ్రుచ్చుకొన్నను అపాయమే. పాఠశాలలలో 10వ ఏటను 16వ ఏటను వేయు టీడీ టీకా ఈ వ్యాధినుండి, కంఠసర్పి అను మఱియొక వ్యాధినుండి కాపాడును. టీకా దినమున బిడ్డను ఇంట నిలుపుకొను తల్లిదండ్రులు ఈ సంగతిని గమనింతురుగాక.

అయినను గుఱ్ఱము స్వభావముచేత మురికిది కాదు. పచ్చికబయలులో తాను లద్దె వేసిన తావున అది గడ్డి మేయదు. మేయుటకొక భాగమును, విసర్జనకొక భాగమును తానే యేర్పరచుకొనును. మగగుఱ్ఱము ఒకేచోట లద్దెను కుప్పగా వేయు వాడుక గలది. మూత్రము కాళ్లపై చిందుట దానికి గిట్టదు. గట్టినేలపై నిలిపినంతసేపు బిగబట్టి, మెత్తని గడ్డి పరచినంతనే మూత్రము విడుచు గుఱ్ఱములు పెక్కులు. ఈ రెండు స్వభావములే నేర్పువానికి ఆధారములు. జంతువులో లేని గుణమును మనము పుట్టింపలేము. ఉన్న గుణమునకు దారి చూపగలము.

నేర్పు విధము

మొదటిపని, చూచుట. ఒక వారము దినములు గుఱ్ఱమును ఏమియు అనక, అది ఏ మూల లద్దె వేయుచున్నదో, ఏ వేళ మూత్రము విడుచుచున్నదో గుర్తింపవలెను. మేత తిన్న పిమ్మట, పనినుండి తిరిగివచ్చినప్పుడు, క్రొత్తగడ్డి పరచినప్పుడు అను ఈ మూడు వేళలు సాధారణముగా కనబడును.

రెండవపని, తావు నమర్చుట. గుఱ్ఱము తానెంచుకొనిన మూలనే దానికి విడిచిపెట్టి, దాణా తొట్టిని నీళ్లతొట్టిని దానికి ఎదుటి మూలకు మార్చవలెను. పెద్దగుఱ్ఱమునకు 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల లాయము తగును. ఇరుకైనచోట కట్టివేసిన గుఱ్ఱము తావు నెట్లు ఎంచుకొనగలదు? నేల కొంచెము వాలుగా నుండి నీరు కాలువలోనికి పోవలెను. ఆ మూలలో వరిగడ్డియో రంపపుపొట్టో దట్టముగా పరచవలెను.

మూడవపని, గుర్తు నిలుపుట. ఉదయమున సాయంకాలమున లాయమంతయు శుభ్రపరచునప్పుడు, తక్కినచోట్ల లద్దెను పూర్తిగా తీసివైచి, ఆ మూలలో మాత్రము కొంచెము మిగిల్చవలెను. ఆ వాసనయే గుఱ్ఱమునకు దారి చూపును. తడిసిన గడ్డిని మాత్రము ఎప్పటికప్పుడు తీసివేయవలెను.

నాలుగవపని, సంజ్ఞ. గుఱ్ఱము తనంతట తాను మూత్రము విడుచునప్పుడెల్ల మెల్లగా ఒకేవిధముగా ఈల వేయవలెను. ముగించిన వెంటనే మెడ నిమిరి, చిన్న బెల్లపుముక్కయో క్యారెట్టుముక్కయో పెట్టవలెను. ఆలస్యమైనచో తనకది ఎందులకు దొరకెనో గుఱ్ఱమునకు తెలియదు. కొన్ని వారములిట్లు జరిగిన పిమ్మట, తగిన వేళ ఈల వినబడగానే మూత్రము విడుచుటకు అది అలవాటుపడును. గంటశబ్దము వంటి గుర్తులకు కుక్క నోట నీరూరుటను రష్యాదేశపు శాస్త్రజ్ఞుడు పావ్లోవు నిరూపించిన సంగతి మన పై తరగతుల పిల్లలెరుగుదురు. గుఱ్ఱములను కాచువారి యీలలో ఉన్నదియు ఇట్టి అలవాటే. పందెపు గుఱ్ఱములకు మత్తుమందుల పరీక్షకై మూత్రము పట్టవలసినప్పుడు కూడ ఈల వేయుట వాడుక.

అయిదవపని, వేళ తప్పకుండుట. పనికి కట్టుటకు ముందొకసారి, విప్పిన పిమ్మట ఒకసారి ఆ మూలకు తీసికొనిపోయి కొంతసేపు విడువవలెను. దాణా వేళ తప్పినచో లద్దె వేళయు తప్పును.

చేయరానివి

ఎంత నేర్పినను గుఱ్ఱము మూత్రమును కొంతవరకే వేళకు తెచ్చుకొనగలదు. లద్దెను ఆపుకొను శక్తి దానికి మిక్కిలి తక్కువ. నడచుచునే లద్దె వేయును. భయపడినప్పుడు వెంటనే వేయును. కావున తావు తప్పినదని కొరడా ఎత్తుట అవివేకము. కొట్టినచో భయము, భయముచే మరల లద్దె, దానికి మరల దెబ్బ! ఇట్లు తప్పును పెంచువాడు యజమానియే. దెబ్బ తిన్న గుఱ్ఱము స్థలమును నేర్చుకొనదు, మనిషిని చూచి బెదరుటను నేర్చుకొనును.

జర్మనీదేశమున ఫాన్ ఓస్టెన్ అను గణితోపాధ్యాయుడు తన గుఱ్ఱము హాన్సు లెక్కలు చేయునని చూపుచుండెను. అది గిట్టతో నేలపై తట్టి జవాబు చెప్పెడిది. 1907లో ఫుంగ్‌స్ట్ అను పరిశోధకుడు గుఱ్ఱము లెక్క చేయుటలేదనియు, ప్రశ్నించువాని ముఖమున దేహమున కలుగు సూక్ష్మమైన మార్పులను చూచి తట్టుట నిలుపుచున్నదనియు కనుగొనెను. లెక్కలు రాకపోయినను ఆ గుఱ్ఱము మనిషిని ఎంత బాగుగా చదివినదో చూడుడు! మన నోటిమాట తియ్యగా నున్నను లోపలి కోపము దానికి తెలియును.

మఱియొకటి. గుఱ్ఱపు మూత్రము సహజముగనే మడ్డిగా నుండును; అందులకు భయపడనక్కరలేదు. కాని అది మూత్రమునకై ముక్కుచు విడువలేకున్నను, సెలవుదినము నిండుగా దాణా తిని మరునాడు పనికి పోయినప్పుడు కండరములు బిగిసి, కాఫీరంగు మూత్రము వచ్చినను, ఆలస్యము చేయక పశువైద్యుని పిలువవలెను. అది అలవాటు తప్పు కాదు, వ్యాధి. వ్యాధికి శిక్ష మందు కాదు.

నాకు నేర్పిన జట్కావాడు

ఈ పాఠము నాకు పుస్తకమువలన మొదట రాలేదు. ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన తొలియేండ్లలో నేను మిక్కిలి కఠినుడనని పేరుపొందితిని. ఒకనాడు రెండవతరగతి బాలుడొకడు లేచి, "అయ్యవారూ, ఒంటికి" అని రెండుమారులు అడిగెను. పాఠము మధ్య నుండెను. "గంట కొట్టిన పిమ్మట" అని కూర్చుండబెట్టితిని. గంట కొట్టుటకు ముందే ఆ బిడ్డ బల్లపై తడిపివేసికొనెను. తరగతియంతయు నవ్వెను. నేనును వానిని మందలించితిని. తరువాత నాలుగు దినములు ఆ బాలుడు బడికి రాలేదు.

అయిదవనాడు వాని తాత చేయిపట్టుకొని తీసికొనివచ్చెను. ఆయన కాట్పాడి స్టేషనువద్ద జట్కా తోలువాడు. కోపపడలేదు. చేతులు కట్టుకొని నిలిచి ఇట్లనెను: "అయ్యవారూ, దారిలో మా గుర్రం ఒంటికి నిలబడితే ఎంత తొందరున్నా నేను బండి నిలిపేస్తాను. బండిలో ఉండేవాళ్ళు రైలు పోతుందని అరిచినా కదిలించను. నోరులేని దానికి ఆ పాటి మర్యాద చేస్తాను గదా. వీడు నోరు తెరిచి మిమ్మల్ని అడిగినాడు."

నాకు మారుమాట రాలేదు. ఆ బాలుని తరగతి యెదుట నా పొరపాటును ఒప్పుకొంటిని. ఆ సాయంకాలము ఆయన లాయమునకు పోయి, పైన వ్రాసిన పద్ధతిలో చాలభాగము కన్నులార చూచితిని. చబుకు దూలమునకు వ్రేలాడుచుండెను. అది లాయములో ఎన్నడును క్రిందికి దిగదని ఆయన చెప్పెను.

తల్లిదండ్రులకు విన్నపము

గుఱ్ఱము వేరు, బిడ్డ వేరు. కాని అలవాటు పుట్టు మార్గము రెండింటికిని ఒక్కటే: తగిన తావు, తప్పని వేళ, వెంటనే మెచ్చుకోలు, భయములేని మనస్సు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము బాలురకు బాలికలకు వేరువేరు మరుగుదొడ్లు ఉండవలెనని విధించినది. గది కట్టుట పాఠశాల పని. దానిని శుభ్రముగా నుంచుటయు మా పనియే. శుభ్రముగా లేనిచో గుఱ్ఱమువలెనే బిడ్డయు బిగబట్టుకొనును. కొందరు బాలికలు మరుగుదొడ్డికి పోవలసివచ్చునని ఉదయమునుండి నీళ్లే త్రాగుటలేదు. దానివలన మూత్రమునకు సంబంధించిన వ్యాధులును, మలబద్ధకమును కలుగును. అట్టి సంగతి మీ చెవిన పడినచో మాకు తప్పక తెలుపుడు.

ఇంట మీరు చేయవలసినది స్వల్పమే. ఉదయమున బడికి పంపుటకు అరగంట ముందుగా లేపి, తొందర పెట్టక మరుగుదొడ్డికి పోవు అలవాటు చేయుడు. పక్క తడిపిన బిడ్డను తోబుట్టువుల యెదుట పరిహసింపకుడు. సెలవు అడుగుటకు సిగ్గుపడకుమని నేర్పుడు. మన బడిలో ఆ మాటను బిడ్డ తన తల్లిభాషలో అడుగగలడు. అది చిన్న భాగ్యము కాదు. రేపు మఱియొక బడికి పోవలసినవాడు గనుక అరవములోను ఆ మాటను నేర్పియుంచుడు.

మొక్కై వంగనిది మానై వంగునా అని మనము తరచుగా అందుము. వంచుట యనగా విరుచుట కాదని మాత్రము మరువకుందము.

ఇంట పిల్లలచే చెప్పింపదగిన ప్రశ్నలు

1. గుఱ్ఱము మెత్తని గడ్డిపై మూత్రము విడుచుటకు ఎందులకు ఇష్టపడును?
2. దాణాతొట్టిని విసర్జనచేయు మూలకు దూరముగా ఎందుకు ఉంచవలెను?
3. హాన్సు అను గుఱ్ఱము జవాబులను ఎట్లు తెలిసికొనెను?
4. మన బడి మరుగుదొడ్డిలో మార్పవలసినది ఏది? (ఈ ప్రశ్నకు జవాబును చీటీపై వ్రాసి ప్రధానోపాధ్యాయునికి పంపవలెను. పేరు వ్రాయనక్కరలేదు.)