కన్ను కారుతోందా? పొడిబారిందేమో చూపించండి



కిందటేడు హాఫ్ ఇయర్లీ పేపర్లు దిద్దే రోజుల్లో ఏడో తరగతి పాప ఒకతె నా టేబుల్ దగ్గరికొచ్చి, "మేడమ్, ఏడుస్తున్నారా?" అని మెల్లగా అడిగింది. నేను ఏడవట్లేదు. కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. అప్పటికి నాలుగు నెలలుగా అదే వరస. ఒక మెడికల్ షాపులో "కళ్లు ఎర్రబడుతున్నాయండీ" అని చెబితే ఇచ్చిన డ్రాప్స్ వాడుతున్నాను. వేసినన్నాళ్లు హాయిగా ఉండేది, మానితే మళ్లీ మొదలు. చివరికి రాజమహేంద్రవరం వెళ్లి కంటి డాక్టరు గారికి చూపించుకున్నాను. ఆయన రెండు మాటలు చెప్పారు. నా కళ్లు కారడానికి కారణం అవి పొడిబారడమేనట. నేను ఇన్నాళ్లూ వేసుకున్నవి స్టెరాయిడ్ డ్రాప్స్ అట.

రెండూ నాకు కొత్తే. మీ ఇళ్లలోనూ ఇలాంటి సీసా ఒకటి ఫ్రిజ్ తలుపులో ఉండే ఉంటుంది. అందుకే ఈ నెల పాఠం పిల్లలకు కాదు, మనకు.

కన్నీరు అంటే ఒట్టి నీరు కాదు

కంటి మీద ఎప్పుడూ ఒక పల్చని కన్నీటి పొర ఉంటుంది. అందులో మూడు భాగాలు. కంటికి అంటుకునేలా పట్టి ఉంచే జిగురు, దాని మీద నీరు, అన్నిటికన్నా పైన నూనె. ఆ నూనెను రెప్పల అంచుల్లో వరసగా ఉండే మైబోమియన్ గ్రంథులు ఇస్తాయి. కాచిన పాల మీద మీగడ ఎలాగో, నీటి మీద ఈ నూనె అలాగన్నమాట. అది సరిగా ఉంటే కింది నీరు త్వరగా ఆరిపోదు. రెప్ప వేసిన ప్రతిసారీ ఈ పొర కొత్తగా పరుచుకుంటుంది.

మరి పొడిబారిన కన్ను ఎందుకు కారుతుంది? పొర ఆరిపోయి కన్ను మండగానే నరాలు మెదడుకు కబురు చేస్తాయి. వెంటనే కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్లు వదులుతుంది. ఆ నీళ్లలో నూనె, జిగురు తగినంత ఉండవు. కాబట్టి కంటి మీద నిలవక బుగ్గ మీదికి జారిపోతాయి. కన్ను మళ్లీ పొడిగానే మిగులుతుంది.

ఇది మన దగ్గర ఎలా ఉంది?

హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారు తమ కేంద్రాలకు 2010 నుంచి 2018 వరకు కొత్తగా వచ్చిన సుమారు 14.5 లక్షల మంది రికార్డులను పరిశీలించారు. వారిలో 21 వేల మందికి పైగా పొడికన్ను జబ్బు ఉన్నట్టు తేలింది. అందులో ఎక్కువగా కనిపించిన రకం, కన్నీరు తక్కువగా ఊరడం కాదు, ఊరిన కన్నీరు త్వరగా ఆవిరైపోవడం. అంటే లోపం చాలామందిలో పైనున్న ఆ నూనె పొరలోనే ఉంది.

కారణాలు

• స్క్రీన్: మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప వేస్తాం. ఫోను, కంప్యూటర్ చూసేటప్పుడు అది సగానికి, అంతకన్నా తక్కువకు పడిపోతుంది. వేసిన రెప్ప కూడా పూర్తిగా మూసుకోదు.
• గాలి, దుమ్ము: అద్దం లేని హెల్మెట్‌తో కోరుకొండ నుంచి రాజమహేంద్రవరం దాకా బండి మీద వెళ్లడం, బస్సు కిటికీ పక్కన కూర్చోవడం, ఏసీ గాలో టేబుల్ ఫ్యాన్ గాలో సూటిగా ముఖానికి తగలడం.
• మందులు: జలుబుకు, దురదకు వాడే కొన్ని అలర్జీ మాత్రలు, మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు. వీటిని మీ అంతట మీరు ఆపకండి. రాసిన డాక్టరుకు విషయం చెప్పండి.
• వయసు, జబ్బులు: నెలసరి ఆగే వయసులోని ఆడవారికి ఇది ఎక్కువ. షుగర్, థైరాయిడ్, కీళ్లవాతం ఉన్నవారికీ రావచ్చు. షోగ్రెన్ అనే జబ్బులో కళ్లతోపాటు నోరు కూడా ఎండిపోతుంది.
• విటమిన్ ఎ లోపం: చిన్నపిల్లల్లో ఇది వేరే, ప్రమాదకరమైన కథ. ముందుగా చీకట్లో కనిపించక తడుముకుంటారు. తర్వాత తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చలు వస్తాయి. దీని కోసమే ప్రభుత్వం 9 నెలల వయసు నుంచి 5 ఏళ్ల లోపు 9 డోసులు వేయిస్తుంది. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, గుడ్డు మన ఊళ్లో దొరికేవే. డాక్టరు చెప్పకుండా విటమిన్ ఎ మాత్రలు మాత్రం వేయకండి. ఎక్కువైతే విషమే.

ఒక మాట గుర్తుంచుకోండి. పిల్లలు కళ్లు తెగ నలుపుకుంటున్నారంటే అది చాలాసార్లు పొడికన్ను కాదు, అలర్జీ. దురద దానికి ముఖ్యమైన గుర్తు. మంట, ఇసుక పడ్డట్టు గరగర పొడికన్నుకు గుర్తు. రెండూ కలిసి కూడా రావచ్చు. అందుకే పక్కింటి వాళ్ల అబ్బాయికి పనిచేసిన చుక్కలు మీ అబ్బాయికి పనికొస్తాయని అనుకోవద్దు.

డాక్టరు ఏం చూస్తారు?

నాకు చేసిన పరీక్షలు రెండు. కంట్లో పసుపు రంగు మందు వేసి, రెప్ప వేయకుండా ఉంటే పొర ఎన్ని సెకన్లకు చీలుతుందో చూశారు. 10 సెకన్లలోపే చీలితే పొర నిలకడగా లేనట్టు. తర్వాత కింది రెప్ప లోపల సన్నని కాగితం పట్టీ పెట్టి 5 నిమిషాలు ఉంచారు. దీన్ని షిర్మర్ పరీక్ష అంటారు. తడి 10 మిల్లీమీటర్లు దాటితే మామూలు, 5 లోపు ఉంటే కన్నీరు బాగా తక్కువ. నొప్పి ఉండదు, కాస్త గిలిగా ఉంటుంది అంతే.

వైద్యం మెట్లు మెట్లుగా

మొదటి మెట్టు కృత్రిమ కన్నీటి చుక్కలు. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, సోడియం హైలురొనేట్ లాంటివి వీటిలో ఉంటాయి. రోజుకు నాలుగుసార్లకు మించి వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనివి అడగండి. ఆ ప్రిజర్వేటివే ఎక్కువైతే కంటిని రేపుతుంది. నూనె గ్రంథులు మూసుకుపోతే వేడి కాపడం, రెప్పల శుభ్రత చెబుతారు. దానికీ తగ్గకపోతే వాపు తగ్గించే సైక్లోస్పోరిన్ చుక్కలు. వాటి ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది, మధ్యలో మానకూడదు. ఆ తర్వాత కన్నీరు ముక్కులోకి పోయే సన్నని రంధ్రాన్ని చిన్న బిరడాతో మూస్తారు. మరీ తీవ్రమైన వారికి రోగి రక్తం నుంచే తీసిన సీరం చుక్కలు, ప్రత్యేకమైన స్క్లెరల్ లెన్సులు ఉన్నాయి. చాలామందికి అంత దూరం వెళ్లే అవసరం రాదు.

స్టెరాయిడ్ సంగతి

స్టెరాయిడ్ చుక్కలు చెడ్డవని కాదు. డాక్టరు చూస్తూ, కొద్ది రోజులకు రాస్తే మంచి మందే. మంట, ఎరుపు ఇట్టే తగ్గుతాయి. మనల్ని మోసం చేసేది అదే. నెలల తరబడి వాడితే కొందరిలో కంటి లోపలి ఒత్తిడి పెరిగి గ్లాకోమా వస్తుంది, శుక్లాలూ రావచ్చు. శుక్లానికి ఆపరేషన్ ఉంది. గ్లాకోమాతో పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. పైగా ఒత్తిడి పెరుగుతున్నట్టు మనకు తెలియదు, నొప్పి కూడా ఉండకపోవచ్చు. డాక్టరు గారు నా కంటి ఒత్తిడి కొలిచి "నార్మలే" అనేదాకా నా గుండె నా దగ్గర లేదు.

ఈ రోజే మీ ఇంట్లోని సీసా తీసి చూడండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, లోటిప్రెడ్నాల్, ఫ్లోరోమెథలోన్ అనే పేర్లలో ఏది ఉన్నా అది స్టెరాయిడే. చీటీ లేకుండా కొని వాడుతుంటే సీసా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి ఒత్తిడి కొలిపించండి. మూత తెరిచి నెల దాటిన చుక్కలు పారేయండి.

ఇంట్లో మనం చేయదగినవి

• 20 నిమిషాలు చదివాక, లేదా స్క్రీన్ చూశాక, 20 సెకన్లు దూరానికి చూడాలి. మా క్లాసులో "కొండ మీద గుడి చూడండి" అంటాను. పిల్లలు నరసింహస్వామి కొండ వైపు తిరిగి పది సార్లు నిదానంగా రెప్పలు మూసి తెరుస్తారు.
• శుభ్రమైన బట్టను గోరువెచ్చని నీటిలో ముంచి పిండి, మణికట్టు మీద వేడి చూసుకుని, మూసిన కళ్ల మీద 5 నుంచి 10 నిమిషాలు ఉంచండి.
• ఫోను కంటి ఎత్తుకన్నా కిందగా పట్టుకోండి. ఫ్యాను దిశ మార్చండి. బండి మీద అద్దాలు పెట్టుకోండి.
• చనుబాలు, ఆముదం, తేనె, రోజ్ వాటర్ కంట్లో పోయకండి. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, కానీ వాటితో క్రిములు చేరవచ్చు.

నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, చీము ఉంటే ఏ చిట్కా చేయకుండా అదే రోజు చూపించండి. ఖర్చు గురించి సందేహమైతే కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది.

మీ పిల్లలు బోర్డు చూస్తూ కళ్లు చికిలిస్తున్నా, తరచూ నలుపుకుంటున్నా మేం డైరీలో రాస్తాం. మీరు ఇంట్లో గమనించింది కూడా మాకు రాయండి. నేను ఇప్పుడు కృత్రిమ కన్నీరు, కాపడం, ఆ కొండ వైపు చూపు, ఈ మూడింటితోనే పేపర్లు దిద్దుతున్నాను. ఈసారి ఆ పాప నన్నేమీ అడగలేదు.