యూజర్ అంటే ఎవరు తల్లీ

సుధా,

నువ్వు రాస్తున్న ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ గైడును మీ పెదనాన్న రెండుసార్లు చదివాడు. మూడో పేజీలో ‘యూజర్ డోసు మార్చవచ్చు’ అన్నచోట ఆగిపోయాడు. ఆ యూజర్ డాక్టరా, నర్సా, పేషెంటా?  

ఇలాంటి మాటతోనే ఒకసారి చిక్కొచ్చింది. పెదనాన్న కరెంటాఫీసులో ఉండగా మీటరు రీడింగుకు చేతి మిషన్లొచ్చాయి. వాటితో ఇచ్చిన చిన్న పుస్తకంలో ‘వినియోగదారు నంబరు కొట్టాలి’ అని ఉంది. రాసినాయన లెక్కలో వినియోగదారు అంటే మిషను వాడే రీడరు. ఆఫీసులో మాత్రం ఆ మాటకు ఒకటే అర్థం, బిల్లు కట్టే మనిషి. కొత్తగా చేరిన కుర్రాడు ఎండలో వీధంతా తిరిగి, తన నంబరు కొట్టాల్సిన చోటల్లా ఇంటి సర్వీసు నంబరే కొట్టాడు. ఒక్క బిల్లూ చెల్లలేదు. తెగిన చెప్పు చేత్తో పట్టుకుని ఆ అబ్బాయి మెట్లెక్కడం పెదనాన్నకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. తిట్లన్నీ వాడికే పడ్డాయి.

2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో యూజర్‌ను తొలిరోజుల్లో ‘సభ్యుడు’ అనేవారు. వింటే మగవాడే తోస్తాడు, పైగా ఏదో సంఘంలో చేరినట్టుంటుంది. ఇప్పుడక్కడ ‘వాడుకరి’. ఆడా మగా అందరికీ సరిపోయే చక్కని మాట. పేజీలు తొలగించగలవాళ్లు ‘నిర్వాహకులు’, ఆ హోదా ఇవ్వగలవాళ్లు ‘అధికారులు’. ఈ చివరిది పెదనాన్నకు అంతగా నచ్చలేదు, సర్కారు కుర్చీ గుర్తొస్తుంది. అయినా ఎవరు ఏం చేయగలరో పేరే విడదీసి చెబుతోంది కదా.

అలా విడదీయకపోతే చిక్కే. వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్‌లో ఆథర్ తన రాతను తానే ప్రచురించుకోవచ్చు. కంట్రిబ్యూటర్ రాయడమే గానీ ప్రచురించలేరు. ఇద్దరినీ ‘రచయిత’ అనేస్తే, రెండో మనిషి లేని బటన్ కోసం తెరంతా వెతుక్కోవాలి.

నీ గైడులో డాక్టరును డాక్టరనే రాయి, నర్సును నర్సనే. రోగి వెంట వచ్చినవాళ్లకు కొత్త పదం పుట్టించక్కర్లేదు. ‘పేషెంటు తాలూకు ఎవరండీ?’ అని వార్డులో రోజూ పిలుస్తూనే ఉంటారు. ‘పేషెంటు తాలూకువారు’ అంటే చాలు. రాత్రి పన్నెండింటిదాకా కూర్చుని రాస్తున్నావట, కళ్లు జాగ్రత్త.

నీ పేజీని పెదనాన్న మీ పెద్దమ్మకూ ఇచ్చాడు. డోసు వాక్యం చదివి, “అయితే నా బీపీ మాత్ర నేనే సగం చేసుకోవచ్చన్నమాట” అంది. పెదనాన్న మాత్రల డబ్బా తీసి బీరువాలో పెట్టాడు. ఆ వాక్యం రేపే మార్చి పంపు, ఆమెకే మళ్లీ చదివిస్తాడు.

మీ పెదనాన్న