క్రమము తప్పని ఆరాధన సంఘమునకు ప్రాణము



“ఆదివారము ఆలయమునకు వెళ్లనిచో నేమి? ఇంటనే ప్రార్థించుకొనిన దేవుడు ఆలకింపడా?” ఈ ప్రశ్న నేడు అమెరికాలోని తెలుగు క్రైస్తవ కుటుంబములలో తరచుగా వినవచ్చుచున్నది. అడుగువారు అవిశ్వాసులు కారు. వారమంతయు ఉద్యోగము, శనివారమున అంగడి పనులు, పిల్లల ఆటలు, పాఠములు. తెలుగు ఆరాధన జరుగు స్థలము అనేకులకు గంట ప్రయాణము. పలుచోట్ల అది మరియొక సంఘమువారి ఆలయము. వారి ఆరాధన ముగిసిన పిదప మధ్యాహ్నమో సాయంకాలమో మనకు దొరకును. ఆసుపత్రులలో పనిచేయు మన నర్సు సోదరీమణులకు ఆదివారమును పనిదినమే. కావున ఈ ప్రశ్నను కోపముతో త్రోసివేయుట తగదు. దానికి తగిన ఉత్తరము చెప్పుట మన విధి.

ఇంటిలో చేసిన ప్రార్థనను దేవుడు ఆలకించుననుట సత్యమే. అయితే ఆ ప్రశ్నలో ఒక లోపమున్నది. “నేను వెళ్లనిచో నాకేమి నష్టము?” అని మాత్రమే అది అడుగుచున్నది. “నేను వెళ్లనిచో నా ప్రక్కన కూర్చుండువారికేమి నష్టము?” అని అడుగుట లేదు. ఈ పాఠము ఆ రెండవ ప్రశ్నను గూర్చినది.

1. గ్రంథము చూపు మార్గము

లూకా సువార్త నాలుగవ అధ్యాయమును తెరచి చూడుడి. మన ప్రభువు నజరేతుకు వచ్చినప్పుడు విశ్రాంతిదినమున సమాజమందిరమునకు వెళ్లుట ఆయనకు వాడుకయని సువార్తికుడు వ్రాసెను. ఆ దినమున ఆ మందిరమందున్నవారే కోపోద్రిక్తులై ఆయనను కొండ కొమ్మునుండి పడద్రోయ యత్నించిరి. అయినను ఆయన మందిరమును మానలేదు; కపెర్నహూమునకు పోయి అచ్చటి సమాజమందిరములో బోధించెను. “అక్కడివారు మంచివారు కారు, అందుచేత నేను వెళ్లను” అని చెప్పువారు ఈ అధ్యాయమును రెండుసార్లు చదువవలెను. ప్రభువును చంపజూచినవారికంటె మన సంఘ సభ్యులు కఠినులు కారు గదా!

యోహాను సువార్త ఇరువదవ అధ్యాయములో తోమా కథ కలదు. పునరుత్థాన దినపు సాయంకాలమున శిష్యులు కూడియుండగా ప్రభువు వచ్చెను; తోమా అచ్చట లేడు. ఇతరులు చెప్పినది అతడు నమ్మలేకపోయెను. ఎనిమిది దినముల తరువాత వారు మరల కూడినప్పుడు అతడును వారితో ఉండెను, ప్రభువును చూచెను. ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. రానివానికి కలిగిన నష్టము మొదటిది. అనుమానించువానిని సహోదరులు వెలివేయక తమ నడుమ చోటిచ్చిరనుట రెండవది. సందేహములున్నవాడు సందేహములు తీరిన పిదప రావలెనని కాదు, సందేహములతోనే రావలెను.

హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక పదవ అధ్యాయము హింసలచే అలసిన విశ్వాసులకు వ్రాయబడినది. వారిలో కొందరు కూడికలకు రాకుండుట అప్పటికే అలవాటు చేసికొనియుండిరి. పత్రికాకర్త వారిని భయపెట్టుట మాత్రమే చేయలేదు; కూడివచ్చుటను ఒకరినొకరు ప్రేమకును సత్కార్యములకును పురికొల్పుకొనుటతో జతపరచెను. అనగా మనము వచ్చునది మన మేలుకొరకు మాత్రమే కాదు. ఇతరుల ధైర్యముకొరకు కూడ. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో పౌలు సంఘమును శరీరముతో పోల్చెను. కన్ను రాలేదని చెవి సంతోషింపజాలదు.

2. అమెరికా తోటలు చెప్పు సాక్ష్యము

మనలో కొందరు నేటాల్, మారిషస్, మలయా, ఫిజీ దేశముల తోటలలో శ్రమించిన పూర్వికుల సంతతివారు. మరికొందరు ఆంధ్రదేశమునుండి నేరుగా వచ్చినవారు. మనమందరము నివసించుచున్న ఈ అమెరికా దేశమందును తోటల చరిత్ర కలదు. దక్షిణ రాష్ట్రముల పత్తి పొలములలోను వరి మళ్లలోను పనిచేసిన నల్లజాతి దాసులకు ఆరాధనకు వెళ్లుట ప్రాణాపాయకరమైన కార్యము.

జార్జియా రాష్ట్రమందలి సవన్నా పట్టణములో 1788లో ఆండ్రూ బ్రయన్ కాపరిగా నల్లజాతివారి బాప్టిస్టు సంఘమొకటి స్థాపితమయ్యెను. బ్రయన్ స్వయముగా దాసుడు. ఆరాధన జరిపినందుకు అతనిని, అతనితోడి విశ్వాసులను కొరడాలతో కొట్టిరి. సంఘము మాత్రము చెదరలేదు. వర్జీనియాలో 1831లో నాట్ టర్నర్ తిరుగుబాటు జరిగిన పిమ్మట, నల్లజాతివారు తమంతట తాము ఆరాధనకు కూడరాదని శాసనములు చేయబడెను. అప్పుడు వారు రాత్రివేళ అడవులలో కొమ్మల చాటున కూడిరి. ధ్వని వెలుపలికి పోకుండుటకు తడి దుప్పట్లు వ్రేలాడదీసిరనియు, కుండను బోర్లించి ఉంచిరనియు దాసత్వమును అనుభవించినవారు తమ జ్ఞాపకములలో చెప్పియున్నారు.

దొరకినచో దెబ్బలు తప్పవని తెలిసియు వారేల వెళ్లిరి? ఏకాంతముగా ప్రార్థింప రాదా? ఏకాంత ప్రార్థన వారికి తెలియనిది కాదు. కాని పగలంతయు వారు యజమానుని ఆస్తిపట్టికలో ఒక అంకె మాత్రమే. ఆ రాత్రి కూడికలో వారు సహోదరుడు, సహోదరి. ఎవరి బిడ్డ అమ్మబడెనో, ఎవరి భర్త దూరదేశమునకు కొనిపోబడెనో అచ్చట తెలియును. అచ్చట కన్నీరు కలిసి కార్చబడును. మనుష్యుని మనుష్యునిగా నిలిపినది ఆ కూడికయే.

దక్షిణ కారొలీనాలోని చార్ల్స్‌టన్ పట్టణమందు నల్లజాతివారి ఆలయము 1822లో నాశనము చేయబడెను. 1834లో వారి సంఘములు శాసనముచే నిషేధింపబడెను. వారు 1865 వరకు రహస్యముగా కూడుచు, స్వాతంత్ర్యము వచ్చినంతనే మరల బహిరంగముగా నిలిచిరి. ఆ ఇమ్మానుయేలు సంఘమందే 2015 జూన్ 17వ తేదీ బుధవారమున బైబిలు పఠనమునకు కూడినవారిలో కాపరితోసహా తొమ్మిదిమంది కాల్చి చంపబడిరి. జూన్ 21వ తేదీ ఆదివారమున ఆ ఆలయపు తలుపులు ఆరాధనకు తెరువబడెను. ఎండ ఎక్కువగా నున్నదని, ఆట జరుగుచున్నదని ఆరాధన మానుకొను మనకు ఆ తలుపు ఒక ప్రసంగము.

అలబామాలోని మాంట్‌గొమరీ పట్టణమున 1955 డిసెంబరు 5న హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్టు ఆలయములో కూడిన జనులు బస్సులెక్కరాదని నిశ్చయించుకొని, ఆ దీక్షను 381 దినములు నడపిరి. అంతకాలము అలసినవారిని నిలబెట్టినది ఆలయములలో మరల మరల జరిగిన కూడికలే. ఆపద వచ్చిననాడు అపరిచితులు పరుగెత్తివచ్చి సంఘము కాజాలరు. వారము వారము కలిసి కూర్చుండినవారే ఆ దినమున ఒకరి చేయి మరియొకరు పట్టుకొందురు.

3. ఒంటరి నక్షత్రము

మన తెలుగు సంఘములకును అమెరికాకును ఉన్న సంబంధము ప్రాతది. అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో హిందూదేశమునకు వచ్చి 1840లో నెల్లూరు చేరెను. ఏండ్లు గడచినను ఫలము స్వల్పము. ఆ మిషనును మూసివేయుదమని అమెరికాలో ఒకటికంటె ఎక్కువసార్లు ఆలోచించిరి. 1853లో ఆల్బనీ పట్టణపు సభలో ఈ చర్చ జరిగినప్పుడు శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ దానిని ఒంటరి నక్షత్రముగా వర్ణించుచు పద్యములు వ్రాసెను. ఆ పేరే మిషనుకు నిలిచెను.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండపై అయిదుగురు కూడి ప్రార్థించిరి: లైమన్ జూయెట్ దంపతులు, నర్సు, జూలియా, రూతు. అయిదుగురు మాత్రమే! 1867 జనవరి 1న ఒంగోలులో సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది. గొప్ప కరవు కాలము గడచిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదివద్ద వెలంపల్లిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మనము ఈ చివరి సంఖ్యనే గర్వముగా చెప్పుకొందుము. కాని ఆ అయిదుగురు “ఇంత కొద్దిమందిమి, చలిలో కొండ ఎక్కుట ఎందుకు?” అని ఇంటనే ఉండినయెడల ఆ కొండకు ప్రార్థన కొండయను పేరు వచ్చియుండెడిది కాదు.

ఆనాటి మాదిగ విశ్వాసులు మూడు నియమములు చేసికొనిరి: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. మొదటి నియమమును మనము తేలికగా చదివి విడుతుము. కూలిపై బ్రదుకు పేదవాడు ఊరి కామందుతో “ఈ దినము నేను రాను, ఇది నా ప్రభువు దినము” అని చెప్పుట సామాన్యమా? దానిచే వారు కష్టములపాలైరి. మన ఆదివారము వారు కష్టపడి కొనిన ఆదివారము.

4. నేటాల్ తోటలలో

నేటాల్ తోటలకు కూలీల ప్రయాణము 1860లో మొదలయ్యెను. తరువాత వెళ్లిన తెలుగువారిలో బాప్టిస్టు విశ్వాసులు కలరు. వారికి కాపరిగా నుండుటకు తెలుగు బాప్టిస్టుల స్వదేశ మిషనరీ సంఘము జాన్ రంగయ్యగారిని 1903లో పంపెను. ఆ సంవత్సరమే డిసెంబరు 27న కీర్స్‌నీ టీ తోటలో సంఘము స్థాపింపబడెను. అమెరికా నాటిన విత్తనము నెల్లూరులో మొలచి ఆఫ్రికాలో నాటబడెను. వచ్చిన ఏడే సంఘమును నిలుపగలిగిరనగా, కాపరి లేని కాలమున కూడ విశ్వాసమును విడువని జనము అచ్చట నుండెనని గదా అర్థము! కాపరి గొప్పవాడైనను గొఱ్ఱెలు లేనిచో మంద ఏర్పడదు.

5. నేటి అమెరికాలో

గాలప్ సంస్థవారి పరిశీలన ప్రకారము 1999లో అమెరికనులలో నూటికి 70 మంది ఏదో ఒక ఆలయపు సభ్యులు. 2020లో నూటికి 47 మంది మాత్రమే. 2020 మార్చిలో కోవిడ్ వ్యాధివలన తలుపులు మూయబడినప్పుడు కంప్యూటరు తెరపై ఆరాధన చూచుట అలవాటయ్యెను. అది ఆ సమయమున గొప్ప మేలు. నేటికిని మంచమునుండి లేవలేనివారికి మేలే. కాని తెరముందు కూర్చుండినవాడు ప్రక్కవాని కన్నీటిని చూడడు. అతని కన్నీటిని ఇతరులు చూడరు. ప్రభువు బల్లయొద్ద రొట్టెను ఒకరి చేతినుండి మరియొకరు అందుకొనవలెను.

2016లో ప్రచురింపబడిన ఒక హార్వర్డ్ పరిశీలన 74,534 మంది నర్సులను గూర్చినది. వారానికి ఒకసారికంటె ఎక్కువగా ఆరాధనకు వెళ్లువారిలో, ఎన్నడును వెళ్లనివారికంటె, ఆ పదునారు సంవత్సరములలో మరణించు అవకాశము నూటికి 33 వంతులు తక్కువగా కనబడెను. ఆరాధనయే దీనికి కారణమని అట్టి పరిశీలన పూర్తిగా నిరూపింపజాలదు. ఆయువు పెరుగునని మనము ఆలయమునకు వెళ్లము కూడ. అయినను తోడుగల జీవితము బలముగల జీవితమను పెద్దల మాటకు ఇది అనుకూలముగా నున్నది.

6. సంఘముయొక్క బాధ్యత

రమ్మని చెప్పు హక్కు సంఘమునకున్నచో, వచ్చినవారిని ఆదరించు బాధ్యతయు దానిదే. ఆరాధనకు ఆలస్యముగా వచ్చిన యువతిని తేరిపార చూచుట, ఊరిపేరు, కులము విచారించుట, పిల్లలకు ఒక్క మాటయు అర్థముకాని భాషలోనే రెండు గంటలు గడపుట, ఇట్టివి కుర్చీలను ఖాళీ చేయును. తెలుగును విడువనక్కరలేదు, వాక్యభావమును పిల్లలకు ఇంగ్లీషులో కొంత వివరించి, ఒక తెలుగు కీర్తనను వారికి నేర్పవచ్చును.

రాలేనివారు వేరు, రానివారు వేరు. రాత్రి పని ముగించి నిద్రించు నర్సును, కారు నడుపజాలని వృద్ధమాతను హాజరుపట్టికతో తూచరాదు. హాజరు రక్షణకు వెల కాదు. అది కృపకు చేయు కృతజ్ఞత. అట్టివారు రానియెడల సంఘమే వారియొద్దకు పోవలెను. క్రమముగా వచ్చువారున్నప్పుడే “ఆమె రెండు వారములుగా రాలేదు, ఏమైనదో చూతము” అను మాట పుట్టును. ఎవరును క్రమముగా రాని సంఘమందు ఎవరు లేకున్నను ఎవరికిని తెలియదు. ఇదియే క్రమము తప్పని ఆరాధనయొక్క ముఖ్య ప్రయోజనము.

ఆత్మపరిశీలనకు ప్రశ్నలు

(1) గత మూడు నెలలలో నేను ఎన్ని ఆదివారములు మానితిని? వానిలో నిజముగా రాలేనివి ఎన్ని?
(2) నా ప్రక్కన కూర్చుండువారి పేరు, వారి కష్టము నాకు తెలియునా?
(3) చాలకాలముగా కనబడని ఒక కుటుంబమును ఈ వారము దర్శింతునా?
(4) వాహనము లేని ఒకరిని నా కారులో తీసికొనిరాగలనా?
(5) నా పిల్లలు నా మాటలవలన కాక నా అలవాటువలన ఆదివారమును గూర్చి ఏమి నేర్చుకొనుచున్నారు?

ప్రార్థన: ప్రభువా, కొండపై కూడిన అయిదుగురిని, అడవిలో కూడిన దాసులను, తోటలో కూడిన కూలీలను నీవు మరువలేదు. సుఖముగా నున్న మేము నిన్నును ఒకరినొకరిని మరువకుండునట్లు మమ్మును నీ సన్నిధికి కూర్చుము. ఆమేన్.