ఒక సెంటు పన్ను – రోజ్‌లాండ్ థియేటర్ చరిత్ర

మన ఊళ్లలో సినిమా హాలు అనగానే నేల టికెట్, బెంచీ, కుర్చీ, బాల్కనీ గుర్తుకొస్తాయి. బాల్కనీ అంటే డబ్బున్నవారి చోటు. కెనడా దేశంలో, నోవా స్కోషియా రాష్ట్రంలో న్యూ గ్లాస్గో అనే చిన్న పట్టణం ఉంది. 1940లలో అక్కడి రోజ్‌లాండ్ థియేటర్‌లో వ్యవహారం దీనికి తలకిందులు. కింద సీటు 40 సెంట్లు, బాల్కనీ 30 సెంట్లు. తెల్లవారు కింద కూర్చునేవారు, నల్లవారిని పైకి పంపేవారు. అలా కూర్చోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. టికెట్లు అమ్మే కిటికీ దగ్గరే ఆ పని జరిగిపోయేది.

1941లో ఆ ఊరి నల్లజాతి మహిళ క్యారీ బెస్ట్ తన కొడుకుతో కలిసి కింద కూర్చుంటే బయటికి పంపేశారు. ఆమె దావా వేసి ఓడిపోయారు. తర్వాత ‘ది క్లారియన్’ అనే పత్రిక పెట్టారు.

1946 నవంబరు 8న వయోలా డెస్మండ్ అనే మరో నల్లజాతి మహిళ కారు ఆ ఊళ్లో చెడిపోయింది. ఆమె హాలిఫాక్స్ నగరంలో బ్యూటీ పార్లర్ నడుపుతూ, నల్లజాతి యువతులకు ఆ పని నేర్పేవారు. కారు బాగయ్యేలోగా సినిమా చూద్దామని రోజ్‌లాండ్‌కు వెళ్లారు. ఆమెకు దూరంలోవి సరిగా ఆనవు. కింద టికెట్ అడిగితే బాల్కనీ టికెట్ ఇచ్చారు. తేడా డబ్బు కడతానన్నా మార్చలేదు. ఆమె వెళ్లి కిందే కూర్చున్నారు. మేనేజరు, పోలీసు కలిసి ఆమెను బయటికి ఈడ్చుకెళ్లారు. రాత్రంతా లాకప్‌లో, చేతులకున్న తెల్ల గ్లౌజులు తీయకుండా, నిటారుగా కూర్చునే ఉన్నారు.

మరునాడు కోర్టులో పెట్టిన కేసు ఏమిటో తెలుసా? పన్ను ఎగవేత! కింద టికెట్‌పై వినోదపు పన్ను 3 సెంట్లు, బాల్కనీ టికెట్‌పై 2 సెంట్లు. అంటే ఒక్క సెంటు ఎగ్గొట్టారట. జరిమానా 20 డాలర్లు, ఖర్చులు 6 డాలర్లు. ఆ 6 డాలర్లూ థియేటర్ మేనేజరుకే! ఆమె తరఫున లాయరు లేరు. విచారణలో రంగు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఈ చరిత్రలో అన్నిటికంటే గమనించవలసింది ఇదేనని నా అభిప్రాయం. ఆ కోర్టు కాగితాలు మాత్రమే చదివినవారికి అక్కడ వివక్ష జరిగినట్లే తెలియదు.

నల్లజాతి సంఘం చందాలు పోగుచేసి పై కోర్టుకు వెళ్లింది. అప్పీలు చేయవలసిన పద్ధతిలో, గడువులోగా చేయలేదని 1947లో అక్కడా కొట్టేశారు. అమెరికాలో రోజా పార్క్స్ బస్సు సీటు వదలనన్నది 1955లో, అంటే దీనికి 9 ఏళ్ల తర్వాత. వయోలా 1965లో న్యూయార్క్‌లో చనిపోయారు.

2010లో నోవా స్కోషియా ప్రభుత్వం ఆమె నిర్దోషి అని ఒప్పుకుంది. ఆ పత్రంపై సంతకం చేసిన లెఫ్టినెంట్ గవర్నర్ మాయాన్ ఫ్రాన్సిస్ కూడా నల్లజాతి మహిళే. 2018లో కెనడా 10 డాలర్ల నోటుపై వయోలా బొమ్మ వచ్చింది. 2021లో ఆ జరిమానాను నేటి విలువ కట్టి ఆమె చెల్లెలికి తిరిగి ఇచ్చారు. ఆ డబ్బు కేప్ బ్రెటన్ విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్‌కు వెళ్లింది.